నీళ్లలో నానిన ఇటుక

ఫోను మోగేసరికి సాదియా రేపల్లె శివారులోని తన ఇటుకల యూనిట్‌లో ఉంది. కరెంటు కేంద్రాల్లో బొగ్గు మండగా మిగిలిన బూడిదకి సిమెంటు, రాతిపొడి కలిపి ఇటుకలు చేయించడం ఆరేళ్లుగా ఆమె పని.

"సాదియాగారూ, బూడిద ఇటుకల్లో విషం ఉంటుందంటండి, నిజమేనా?" అంది సుధారాణి. నిజాంపట్నం దగ్గర అంగన్‌వాడీ టీచరామె. "మీ ఇటుకలతో కట్టిన మా కొత్త గదికి ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు కదండి. ఓ మూడేళ్ల పిల్ల గోడ గీకి తినేస్తోంది. వాళ్ల నాన్న ఫోన్లో ఏదో చూసి వచ్చి, ఒకటే కేకలు."

"అదేం లేదండి" అనబోయి ఆగిపోయింది సాదియా. ఆరేళ్లుగా అందరికీ చెబుతున్న మాటే అది. కానీ ఎప్పుడైనా పరీక్ష చేయించి చూసిందా?

"పరీక్ష చేయించి చెబుతానండి టీచర్‌గారూ. అప్పటిదాకా పిల్లల్ని ఆ గదిలో కూచోబెట్టకండి."

తమ్ముడు నాసిర్ లబోదిబోమన్నాడు. "తేడా వస్తే యూనిట్‌కి తాళమే ఆపా!"

"వస్తే వెయ్యాల్సిందే కదరా. మనింటి గోడలూ అవే."

యూనిట్‌లోంచి మంచివి ఏరుకోలేదామె. అంగన్‌వాడీ గది పక్కన మిగిలిపోయిన ఇటుకల్లోంచే మూడు తీసి సంచిలో వేసుకుని బాపట్ల బస్సెక్కింది. అక్కడి ల్యాబులో సుధీర్ అనే ఆయన పాప సంగతంతా విని వాటిని తీసుకున్నాడు.

"పొడిచేసి మామూలు నీళ్లలోనూ, కాస్త యాసిడ్ కలిపిన నీళ్లలోనూ నానబెడతామండి. సీసం, ఆర్సెనిక్ లాంటివి ఆ నీళ్లలోకి ఎంత దిగాయో చూస్తాం. మీ బూడిద గుట్ట పక్కన గుంటేమైనా ఉంటే ఆ నీళ్లు కూడా తెచ్చివ్వండి."

మర్నాడే ఆ గుంట నీళ్లు సీసాలో పట్టి ఇచ్చొచ్చింది. పది రోజులు అన్నం సయించలేదామెకి. తెనాలి నుంచి వీరాస్వామి అనే బిల్డరు లోడు పంపమని రోజూ ఫోన్ చేశాడు. ఫలితం వచ్చేదాకా ఒక్క ఇటుక కూడా గేటు దాటదని చెప్పేసింది. అతను విసుక్కుని వేరేచోట కొనుక్కున్నాడు.

పదకొండో రోజున బాపట్లలో కాగితం చేతికిస్తూ సుధీర్ నవ్వాడు. "ఇటుకలు బాగున్నాయండి. సిమెంటుతో కలిసి బూడిద గట్టిపడిపోయింది. దిగినవన్నీ హద్దుకి చాలా కిందే ఉన్నాయి."

సాదియాకి కళ్లమ్మట నీళ్లొచ్చేశాయి.

"గుంట నీళ్లు మాత్రం బాగాలేవు. వానకి విడి బూడిద కొట్టుకొస్తోంది. కింద గచ్చు చేయించి, పైన టార్పాలిన్ కప్పండి. ఆ పాపని కూడా డాక్టరుకి చూపించమనండి. రక్తం తక్కువైన పిల్లలు ఇలా మన్నూ గోడలూ తింటారు."

సుధారాణికి ఫోన్ చేసి అంతా చెప్పింది. ఆ వారంలోనే గుట్టని పక్కకి తీయించి గచ్చు పోయించింది. గుంటలో నీళ్లని ట్యాంకరుతో తోడించి, ల్యాబువాళ్లు చెప్పిన చోటికే పంపించింది. ఇకమీదట అక్కడి వాననీళ్లు పొలం కాలవలో కలవకుండా గట్టు వేయించింది. టార్పాలిన్ కట్టేటప్పుడు నాసిర్ తాడు బిగిస్తూ, "ఇప్పుడు ఎవరడిగినా కాగితం చూపిస్తా ఆపా" అన్నాడు.

తరవాతి సోమవారం సాదియా అంగన్‌వాడీకి వెళ్లింది. గోడలకి ప్లాస్టరింగ్ అయిపోయింది. పిల్లలు లోపల గుడ్లు తింటున్నారు. ఆ పాపకి నిజంగానే రక్తం తక్కువట, ఆసుపత్రిలో మందు రాసిచ్చారట. కేకలేసిన తండ్రి కోటిబాబు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఆవేళ నోరు జారానమ్మా" అన్నాడు.

"మంచిపనే చేశారన్నా. లేకపోతే నేను చూసుకునేదాన్నే కాదు."

సుధారాణి లోపలికి రమ్మని పిలిచి ఓ గుడ్డు చేతిలో పెట్టింది. చాన్నాళ్లకి ఆకలేసింది సాదియాకి.