ఇంపాలా బానెట్ కింద

గల్ఫ్‌లో, మెసైమీర్ అనే చోట జాసిమ్ అనే పెద్దాయన ఇంట్లో మస్తాన్ హౌస్ డ్రైవర్. అతనిది కడప జిల్లా. పిల్లలను స్కూల్లో దించడం, ఆడవాళ్ళను బజారుకు తీసుకెళ్ళడం డ్యూటీ. ఆ ఇంటి షెడ్డులో 1964 నాటి షెవర్లే ఇంపాలా ఒకటి ఏళ్ళ తరబడి దుమ్ముకొట్టుకుని ఉండేది. జాసిమ్ చమురు కంపెనీలో పనిచేసే రోజుల్లో కొనుక్కున్న కారు అది. చూపు మందగించాక ఆయన దాని జోలికి పోలేదు.

1995లో ఆయన రెండు కళ్ళకూ ఆపరేషన్ జరిగింది. చూపు కుదురుకోగానే కొడుకు నాసర్‌ను పిలిచి ఇంపాలాను బాగు చేయించమన్నాడు. మునుపు ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉండాలన్నాడు. అదే లేతనీలం రంగు, అవే సీట్లు, అదే ఇంజన్.

నాసర్ సరేనని, కారును ఇండస్ట్రియల్ ఏరియాలో ఇక్రాముద్దీన్ పనిచేసే గ్యారేజీకి చేర్చాడు. ఇక్రాముద్దీన్‌ది బోధన్. అతనికి మాత్రం నాసర్ ఇంకో మాట చెప్పాడు. పైకంతా తండ్రి కోరినట్టే ఉండాలి, లోపల మాత్రం వెనక నుంచి దెబ్బతిని మూలపడిన ఒక కొత్త కాప్రిస్ కారులోని ఇంజన్ తీసి బిగించాలి. ఈ ముసలి కారుతో ఎడారి రోడ్డు మీద చిన్నాన్న కొడుకులను పందెంలో ఓడించాలని అతని సరదా.

పని పూర్తయ్యాక కారు తేవడానికి మస్తాన్ వెళ్ళాడు. ఇక్రాముద్దీన్ బానెట్ ఎత్తి చూపించాడు.

“ఇది పాతది కాదే, ఇక్రాం భాయ్!”

“పాతది గా మూలకున్నది చూడు. దీన్ని జర తొక్కితే సాలు, ఉరుకుతది. అందుకే ముంగట బ్రేకులు గూడ కొత్తయి ఏసిన. వీల్ కప్పుల ఎనక కనబడయి.”

“పెద్దాయనకు తెలుసునా?”

“తెల్వదు. చెప్పొద్దన్నడు కొడుకు. నీకెందుకు భాయ్, నోరు మూస్కొని డ్యూటీ చెయ్.”

దారిలో ఒక సిగ్నల్ దాటుతూ మస్తాన్ యాక్సిలరేటర్ మీద కాలు కాస్త గట్టిగా ఆనించాడు. వీపు సీటుకు అతుక్కుపోయింది. ఆ తర్వాత ఇంటిదాకా భయంభయంగానే నడిపాడు.

కారు చూసి జాసిమ్ బయటికి వచ్చాడు. చుట్టూ తిరిగి రంగు తడిమాడు. తర్వాత స్టీరింగు ముందు తానే కూర్చుని, మస్తాన్‌ను పక్క సీట్లోకి రమ్మన్నాడు. ఆయనే నడుపుతాడని మస్తాన్ అనుకోలేదు. నాసర్ ఇంకా ఆఫీసు నుంచి రాలేదు.

“ఇది మొండి బండి,” అన్నాడు జాసిమ్, హిందీ అరబ్బీ కలిపి. “బాగా తొక్కితే గాని కదలదు. చూడు.”

గేటు బయట వీధిలో పిల్లలు బంతి ఆడుతున్నారు. నిజం చెబితే నాసర్ తన వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తాడు. మస్తాన్ కొద్దిసేపు ఆ పిల్లలనే చూశాడు. తర్వాత తాళం తిప్పబోతున్న ముసలాయన చేయి పట్టుకున్నాడు.

“బాబా, పాత ఇంజన్ మాఫీ, లేదు. కొత్తది పెట్టినారు. శానా బలముంది. గట్టిగా తొక్కొద్దు.”

“ఎవరు పెట్టించారు?”

మస్తాన్ తల వంచుకున్నాడు. జాసిమ్ మళ్ళీ అడగలేదు. దిగి, బానెట్ ఎత్తి చూశాడు. “నేను అడిగింది ఒక్కటే కదా,” అన్నాడు. ఆ మాట ఎవరితో అన్నాడో మస్తాన్‌కు తెలియలేదు. బానెట్ దించి, దాని మీద చేయి ఆనించి కొంతసేపు నిలబడ్డాడు. తర్వాత వచ్చి తన సీట్లోనే కూర్చున్నాడు.

“యల్లా, పోదాం. ఎలా తొక్కాలో చెప్పు.”

పిల్లలను దాటేదాకా కారు నడకలాగే సాగింది. సల్వా రోడ్డు ఎక్కాక ముందు ఒక నీళ్ళ ట్యాంకర్ తప్ప ఏమీ లేదు.

“ఇప్పుడా?”

“ఇప్పుడు తొక్కు బాబా.”

ఇంపాలా ముందుకు దూకింది. ట్యాంకర్ చూస్తుండగానే వెనకబడింది. కొంతదూరం పోయాక జాసిమ్ వేగం తగ్గించి పక్కకు ఆపాడు. “ఆ రోజుల్లో దీంతో లారీలను కూడా దాటలేకపోయేవాణ్ణి,” అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో మస్తాన్ సరిగా చూడలేదు. కిటికీ అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం నాసర్ వచ్చి కారు ఎలా ఉందని అడిగాడు.

“మునుపటిలాగే ఉంది,” అని జాసిమ్ తాళం జేబులో వేసుకున్నాడు.

మర్నాడు మస్తాన్‌ను గ్యారేజీకి పంపి, పాత ఇంజన్ తెప్పించి షెడ్డులో పెట్టించాడు. నాసర్ దాన్ని చూశాడు. తండ్రి వైపు, మస్తాన్ వైపు చూశాడు. ఇంపాలా తాళం అడగకుండానే లోపలికి వెళ్ళిపోయాడు. అతని పందెం వేరే కారుతో జరిగింది.

ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ శుక్రవారం సాయంత్రపు అసర్ నమాజు తర్వాత మస్తాన్‌కు డ్రైవింగు ఉండేది కాదు. జాసిమ్ నడిపేవాడు, అతను పక్కన కూర్చునేవాడు.