వేన్నీళ్ళకు తాళని గిన్నె

నాకు కోపం ఎక్కువని మా వెండిపని వీధిలో అందరూ అంటారు. ఎక్కువే. 1912లో ఆ రోజు అదే లేకపోయుంటే మా దుకాణం మూతపడేది.

నేపుల్స్ రేవు వెనక సందులో మా నాన్న అనియెల్లోకి ఒకటే పని. వెసూవియో అగ్నిపర్వతం బూడిద కింద దొరికిన రోమన్ల వెండి పానపాత్రలకు నకళ్ళు చెయ్యడం. అందుకు మ్యూజియం వాళ్ళ అనుమతి కావాలి. మూడేళ్ళకోసారి ప్రొఫెసర్ అస్కలోనె వచ్చి, పని చూసి, కాగితం మీద సంతకం పెడతాడు. ఈసారి ఆయన మా దుకాణానికి రాలేదు. పాతవస్తువులు అమ్మే లత్తాంజియో ఇంటికి మమ్మల్నే రమ్మన్నాడు.

వెళ్ళేసరికి బల్ల మీద ఒక వెండి గిన్నె ఉంది. చుట్టూ ఆలివ్ కొమ్మలు, వేలికి తగిలేంత ఉబ్బుగా కాయలు. అంచున సొట్ట పడింది, ఆకుల సందుల్లో బూడిద ఉంది.

"చూడవయ్యా అనియెల్లో, రెండు వేల ఏళ్ళ నాటి చెయ్యి!" అన్నాడు ప్రొఫెసర్. "పనంటే ఇదీ. దీని పక్కన నీవి సత్తు గిన్నెల్లా ఉన్నాయి. ఈసారి సంతకం పెట్టడానికి నాకు మనసొప్పడం లేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. ఆ గిన్నె మాది. రెండేళ్ళ కిందట నకలని చెప్పి లత్తాంజియోకి అమ్మిందే. అప్పటికే నాన్న కళ్ళకు పొర కమ్మింది. ఆయన నోటితో చెబుతుంటే ఆ ఆకులు ఒక్కొక్కటీ ఉలితో తట్టి లేపింది నేను. ఆ సంగతి గడప దాటనివ్వలేదు. అనుమతి నాన్న పేరు మీద ఉంది మరి.

నాన్న కాయల మీద వేళ్ళు నడిపాడు. గుర్తుపట్టాడు. అయినా చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు. నా మంటకి అది మరింత ఆజ్యం పోసింది.

"ఇది మేం చేసిందే," అన్నాను.

లత్తాంజియో పకపకా నవ్వాడు. "విన్నారా ప్రొఫెసర్ గారూ! రేపు వెసూవియోని కూడా మా నాన్నే చేశాడంటుంది."

"వెసూవియో దాకా ఎందుకు? ఆ బూడిద నీ వంటింటి పొయ్యిలోది కాదని చెప్పు, చాలు."

"నోరు అదుపులో పెట్టుకో పిల్లా," అన్నాడు ప్రొఫెసర్. "ఇంత పని ఈ కాలంలో ఎవడు చేస్తాడు?"

"ఆ కాలంలోనూ ఇదే భాగోతం. పాత గ్రీకు వెండంటే రోమన్ షావుకార్లు పడిచచ్చేవాళ్ళని మీరే కదండీ చెప్పారు? నిన్న చేసిన గిన్నె మీద ఎప్పుడో పోయిన గ్రీకువాడి పేరు చెక్కి అంటగట్టేవాళ్ళట. లత్తాంజియోలు అప్పుడూ ఉన్నారు. నమ్మేవాళ్ళూ ఉన్నారు."

నాన్న నా చెయ్యి పట్టి లాగాడు. నేను ఆగలేదు.

ఈ గిన్నెలకు రెండు పొరలుంటాయి. పైన నగిషీ తొడుగు, లోపల నున్నటి గిన్నె. లోపలిది బిగించేముందు తొడుగు వెనక వైపు మేస్త్రి తన పేరూ, ఆ రోజు ఇంట్లో వండిందీ గీకి పెట్టడం మా తాతల నాటి ఆచారం. ఎందరు చెయ్యి వేసినా పేరు మాత్రం మేస్త్రిదే. గీకడం, బిగించడం ఆయన ఒక్కడే చేస్తాడు.

"లోపలిది ఊడదీసి చూడండి. నాన్న పేరుంటుంది."

"అమ్మో! బంగారంలాంటి పాత వస్తువుని విరగ్గొడతావా?" లత్తాంజియో గిన్నెను దగ్గరికి లాక్కున్నాడు.

"విరగ్గొట్టను. వేన్నీళ్ళు పోస్తాను, అంతే. రోమన్లు వైన్‌లో వేన్నీళ్ళు కలుపుకుని తాగింది ఇలాంటి వాటిలోనే కదా. అసలుదైతే వేన్నీళ్ళు దానికో లెక్కా?"

"వేన్నీళ్ళేగా, పోసుకోమనండి," అని లత్తాంజియో కాళ్ళు చాపుకున్నాడు.

అసలు గిన్నెలకు లోపల టంకం ఉంటుంది. మావి అద్దాల బీరువాల్లో పెట్టుకునేవి. వాటిలో ఎవరూ చుక్క పొయ్యరు గనక మేం వేడికి మెత్తబడిపోయే లక్కతోనే అతికిస్తాం. లత్తాంజియోకి బూడిద పుయ్యడం తెలుసు గానీ లక్క సంగతి తెలియదు.

"వద్దే కార్మోజీనా, ఇంటికి పోదాం పద," అన్నాడు నాన్న.

"నువ్వూరుకో నాన్నా!"

కాఫీ కోసం స్టవ్ మీద మరుగుతున్న నీళ్ళు అంచుదాకా పోశాను. నూరు లెక్కపెట్టి, నీళ్ళు పారబోసి, గుడ్డతో పట్టి మెలితిప్పాను. లక్క వాసన గుప్పుమంది. లోపలి గిన్నె జారి చేతిలోకొచ్చింది. లత్తాంజియో తేలు కుట్టిన దొంగలా కాళ్ళు ముడుచుకున్నాడు.

ప్రొఫెసర్ భూతద్దం తీశాడు. తొడుగు వెనక అక్షరాలు ఒకదాని మీదొకటి ఎక్కి ఉన్నాయి. కూడబలుక్కుంటూ చదివాడు.

"చేసింది కార్మోజీనా. మా వంశంలో ఇంత పని ఎవరూ చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. ఈ రోజు చిక్కుడు గింజలు, పాస్తా."

నాన్న తల దించుకున్నాడు. "ఇది బయటపడితే అనుమతి పోతుందనే వద్దన్నాను," అన్నాడు.

రెండేళ్ళు! ఆకు మందమైందనీ, కాయ వంకరపోయిందనీ రోజూ సణిగిన మనిషి. నా కోపం లత్తాంజియోని వదిలేసి నాన్న మీదికి తిరిగింది. ముందు కాగితం పని తేల్చుకోవాలి.

"కార్మోజీనా అంటే నేనే, ప్రొఫెసర్ గారూ. నాన్న పేరు కొట్టేసి నా పేరు రాయండి. ఆడదానికి ఎలా ఇస్తామంటారేమో. ఇంత పని ఎవడు చేస్తాడన్న నోరు మీదే."

ఆయన నా చేతుల వంక చూశాడు. తర్వాత కలం తీసి నా పేరు రాశాడు.

వీధిలోకి రాగానే నాన్నను నిలదీశాను. "ఆ మాట నా మొహం మీద అనడానికి ఏమొచ్చింది నీకు? ఎవరూ చూడని చోట రాసి లక్క పెట్టి మూసేస్తావా?"

"చెబితే నీకు పొగరెక్కుతుందనీ..."

"ఎక్కనివ్వాల్సింది!" అని అరిచాను. వీధి వీధంతా తిరిగి చూసింది. నేను ఏడుస్తున్నానని అందరికీ కనబడింది, నాన్నకు తప్ప.