తిరిగే చక్రం ఆగిన మధ్యాహ్నం

"రొట్టె తట్టేది నిలపొద్దు. తడ్తానే సదువు," అన్నాడు మా ఆయన జహంగీర్, వంటింటికీ మెకానిక్ షెడ్డుకీ మధ్యనున్న తెర అవతలి నుంచి.

ఎనభై ఆరులో ఆదోనిలోని మా షెడ్డుకి మద్రాసు నుంచి ఇంజన్ లోపాలు పట్టే టెస్టర్ వచ్చింది. ముళ్ళున్న మీటర్లు, రంగు రంగుల వైర్లు, చేత్తో పట్టుకునే ఒక దీపం. దాన్ని కారుకి ఎలా కలపాలో చెప్పే పుస్తకం ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో పదో తరగతి దాకా చదివింది నేనొక్కదాన్నే. అందుకే పిండి చేతులతో పేజీలు తిప్పుతూ, తెర దాటకూడదు కనుక నేను చూడని యంత్రం గురించి తెలుగులో చెబుతున్నాను. ఎర్ర క్లిప్పు బ్యాటరీ ప్లస్సుకి, నల్లది మైనస్సుకి, మూడోది మొదటి ప్లగ్గు తీగకి. ఎంతసేపటికీ దీపం వెలగదు. "తప్పు సదివినావు," అంటాడు. "ఇంగ్లీసు వస్తే ఇంజను వస్తాదా?" అంటుంది అత్త అక్బర్‌బీ. కోడలు పదో తరగతి అని పెళ్ళప్పుడు వీధంతా చెప్పుకున్నదీ ఆమే. నా చదువుతో వచ్చే గొప్ప వాళ్ళది, తప్పు నాది.

బట్టలు పిండుతున్నా, బియ్యం ఏరుతున్నా ఆ వైర్లు నా కళ్ళముందు నీళ్ళలో తీగల్లా మెల్లగా ఊగేవి.

శుక్రవారం ఆయన నమాజుకి వెళ్ళాడు. అత్త కునుకు తీస్తోంది. నేను తెర దాటాను.

పత్తి వ్యాపారి శేషన్న అంబాసిడర్ బానెట్ తెరిచి ఉంది. బ్యాటరీ మీద మురికిని కొంగుతో తుడిస్తే ప్లస్సు గుర్తు బయటపడింది. ఎర్ర క్లిప్పు అవతలిదానికి, మైనస్సుకి ఉంది. రెండు క్లిప్పులూ మార్చాను. తాళం తిప్పి స్టార్టర్ లాగితే ఇంజన్ దగ్గుతూ లేచింది. దీపం మెరుపులు మెరుపులుగా వెలిగింది. బానెట్ కింది మసక చీకట్లో తిరుగుతున్న చక్రం మీదికి దాన్ని పట్టాను. చక్రం మీద ఆయన గీసిపెట్టిన సుద్దగీత ఒకే చోటికి వచ్చినప్పుడే దీపం మెరుస్తోంది కాబట్టి, గీత గాలిలో నిలిచిపోయింది. చక్రం తిరుగుతూనే ఉంది, నా కంటికి మాత్రం ఆగిపోయింది. చిన్నప్పుడు మంత్రాలయంలో తుంగభద్ర నీళ్ళలో కాళ్ళు పెట్టి కూర్చున్నప్పటిలా ఒళ్ళంతా చల్లబడింది. నన్ను ఎవరూ పిలవడం లేదు. నేను ఎవరికీ ఏదీ అందించడం లేదు. పుస్తకంలో చెప్పినట్టు నట్టు వదులుచేసి, ప్లగ్గులకి నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్‌ని కాస్త తిప్పాను. గీత జరిగి జరిగి ఇంజన్ మీదున్న గుర్తు దగ్గరికి వచ్చింది. ఇంజన్ దగ్గు ఆగింది.

తల మీద టోపీతోనే జహంగీర్ వచ్చాడు, వెంట శేషన్న. నేను తెర పక్కకి జరిగాను.

"ఏమప్పా, ఇంత నున్నగా ఆడతాంది! నువ్వేనా సేసింది?" అని శేషన్న ఆయన్ని అడిగాడు.

జహంగీర్ నా నల్లటి చేతుల వైపు చూశాడు. "నమాజుకు పోయేముందర సరిజేసి పెట్టినా అన్నా."

కారు వెళ్ళిపోయింది. ఆయన మొహం వెలిగిపోతోంది.

"బాగా సదివినావు కుల్సుం. రేపు హొళగుంద నుంచి జీపు వస్తాది. ఆ పేజీ సూసి పెట్టుకో."

నాకు కోపం రాలేదు. ఇంకా ఆ చల్లదనంలోనే ఉన్నాను.

"జీపు నేనే సూస్తా," అన్నాను. "ఎవరన్నా అడిగితే, కుల్సుంబీ సేసిందని సెప్పు."