ఆకాశదీపం కింద నవ్య గోత్రం

మా బజారు నడిమధ్యన, నాలుగు దారులు కలిసేచోట ఒక రాతి స్తంభం ఉంది. కర్మాగారం పనికని ఈ హిందీ ఊరికి వచ్చిన మొదటి తరం తెలుగువాళ్లు దాన్ని గుడికి ఎదురుగా నిలబెట్టారు. తర్వాత గుడికీ స్తంభానికీ మధ్య నుంచి రోడ్డు పడింది. గుడి ఒక పక్కకు పోయింది, స్తంభం ఆటోల నడుమ మిగిలింది. పళ్లబళ్లవాళ్లు దాన్ని 'దియావాలా ఖంభా', అంటే దీపం స్తంభం, అంటారు. కార్తీకమాసంలో సాయంత్రం పూట చిల్లుల ఇత్తడి పాత్రలో దీపం పెట్టి, తాడుతో దాని కొసకు ఎక్కిస్తాం.

ఒక్కో సాయంత్రం ఒక్కో ఇంటివారిది. దీపం ఎక్కించే ముందు సూర్యం పంతులుగారు ఆ ఇంటివాళ్ల పేర్లు గోత్రంతో సహా చెబుతారు. బతికున్నవాళ్లవి ముందు, క్షేమం కోరుతూ. పోయినవాళ్లవి తర్వాత, వాళ్ల దారికి వెలుతురు కోరుతూ. మా అప్ప, అంటే మా అక్క, సింహాచలమ్మకు చిక్కు వచ్చింది ఇక్కడే.

అప్ప కొడుకు రాజ్‌కిరణ్ పెళ్లయిన మరుసటేడు కాంట్రాక్టు పనికని గుజరాత్ వెళ్లాడు. కొన్నాళ్లు ఫోన్లు చేశాడు. ఆ తర్వాత జాడ లేదు. నేనూ వెళ్లి వెతికాను, దొరకలేదు. ఏళ్లు గడిచాయి. చివరికి కోర్టు కూడా ఇక లేడనే అనుకోమంది. అప్ప మాత్రం ఏటా వాడి పేరు బతికున్నవాళ్లలోనే చెప్పిస్తుంది. వెనకే 'ధర్మపత్నీ నవ్య' అని కోడలి పేరు వస్తుంది.

నవ్య మాంగో అనే పేటలో ఒక క్లినిక్కులో పనిచేస్తూ అప్పను చూసుకుంటోంది. గోవింద్‌పూర్‌లో ఉండే మురళి ఆమెను చేసుకుంటానని ఇంటికొచ్చి అడిగాడు. నవ్యకూ ఇష్టమే. నేను అడిగితే మాత్రం, "కోర్ట్ కా క్యా హై, మామయ్యా. కోర్టు ఏటైనా అంటాది. చేసుకోమని అత్త నోటంట రావాల. అప్పటిదాకా నేనొప్పుకోను" అంది.

అప్ప వంతు రేపనగా ఆమె ఇంటికి వెళ్లాను. ఆమె బియ్యం ఏరుతోంది.

"అప్పా, రేపు కిరణ్ పేరు పోయిన బావ పేరు పక్కన సెప్పించేద్దుమా? ఆ పిల్ల దారి ఆ పిల్ల సూసుకుంటాది."

"ఆడు పోడం నువ్వు సూసినావేటిరా, భీమా?"

"నేదు."

"మరి? ఎవులో సెప్పీసినారని నా నోటితో నా కొడుకుని సంపీమంతావా?"

నేనూ పక్కన కూర్చుని రాళ్లు ఏరడం మొదలుపెట్టాను. చేట పక్కకు జరిపి తనే అంది, "ఆ మురళి టీ తాగి కప్పు కడిగెట్టి ఎల్లినాడు. మన కిరణ్ ఎప్పుడైనా కడిగినాడేటి."

మర్నాడు సాయంత్రం హోంగార్డు ఆటోలను ఆపాడు. మేం ముగ్గురం స్తంభం మొదట్లో నిలబడ్డాం. విషయం నేను పంతులుగారికి ముందే చెప్పి ఉంచాను. ఆయన నాగేశ్వర గోత్రం అని మొదలుపెట్టి, అప్ప పేరు చెప్పి ఆగారు.

"అబ్బాయి పేరు ఏ వరసలో చెప్పమంటారమ్మా?"

"బతికున్నోల్లలోనే."

నవ్య తల దించుకుంది. ఇక అయిపోయిందనుకున్నాను.

"రాజ్‌కిరణ్ నామధేయస్య, ధర్మపత్నీ..."

"ఆగండి బాబూ" అంది అప్ప. "అక్కడితో మా గోత్రం అయిపోనాది. ఈ పిల్లది ఏరే సెప్పండి. పైడిపాల గోత్రం. పోయిన తవిటయ్య కూతురు నవ్య."

పంతులుగారు దీపం పళ్లెం కింద పెట్టారు. "అమ్మా, భర్త ఉన్నాడని మీరే అంటిరి. అలాంటి పిల్లను పుట్టింటి గోత్రంలో చెప్పడం నేనెక్కడా చూడలేదు."

"కొడుకు ఉన్నాడో నేడో తెలీకండా ఏటేటా దీపమెట్టే తల్లిని సూసినారేటి?"

వెనక నుంచి ఒక ఆటో డ్రైవరు, "పండిత్‌జీ, జరా జల్దీ. సవారీ కీ ట్రైన్ ఛూట్ జాయేగీ" అని, ఎక్కినవాళ్లకు రైలు తప్పిపోతుందని కేకేశాడు.

నేను అప్ప దగ్గరికి జరిగి, "రేపు ఆడు తిరిగొత్తే?" అన్నాను.

"ఆడికి నాను సెప్పుకుంతాను. నా కొడుకు గనక నాను ఎదురు సూత్తాను. ఆ పిల్లెందుకు సూడాల?"

పంతులుగారు పళ్లెం మళ్లీ చేతిలోకి తీసుకున్నారు. తర్వాత పైడిపాల గోత్రం అని, తవిటయ్య పేరు, నవ్య పేరు చెప్పారు. గొంతు తగ్గించి చెప్పలేదు. నవ్య రెండు చేతులూ రాతికి ఆనించి, నుదురు తాకించి అలాగే ఉండిపోయింది.

ఇది తప్పో కాదో నాకు తెలియదు. నేను రోజూ దండం పెట్టుకునేవాణ్ణే గాని శాస్త్రం చదివినవాణ్ణి కాను. ఒక గోత్రంలోకి ఇచ్చిన మనిషిని తిరిగి పుట్టింటి గోత్రానికి అప్పగిస్తే దేవుడు పుచ్చుకుంటాడా? పుచ్చుకోకపోతే ఆ మాటకు బాధ్యత ఎవరిది? తాడు లాగుతున్నంతసేపూ ఇదే అనుకున్నాను. దీపం తూలకుండా పైకి వెళ్లింది.

ఆటోలు కదిలాయి. "అత్తా, ఇంక నిన్నేటని పిలవాల?" అంది నవ్య.

"ఏటని పిలుత్తావు, అత్తనే పిలు. నోరు అలవాటు పడిపోనాది." నా వైపు తిరిగింది. "మురళోల్లని ఆదివారం రమ్మను. పిల్ల తరపున నువ్వే మాటాడాల."

సరేనన్నాను. చలిగా ఉంది, ఇంటికి పోదాం రమ్మన్నాను. అప్ప కొంగు భుజాల మీదుగా కప్పుకుని స్తంభం గట్టు మీద కూర్చుంది.

"మీరెల్లండి. నూనె అయిపోయేదాకా నానుంతాను. ఆడి పేరు సెప్పినారు గదా."