సీసాలో సుద్ద

ల్యాబ్‌లో ఆమెని అందరూ ‘సీలు మేడమ్’ అనేవాళ్ళు. ఎదురుగా కాదులెండి, ఎదురుగా అనే గుండె ఎవరికుంది? సిమెంటు నమూనా ఉన్న సీసా మూత కాస్త వదులుగా వచ్చిందంటే చాలు, పంపిన కంపెనీకి ఫోన్ చేసి చెడామడా దులిపేసేది.

ఆమె కోపంలో న్యాయం లేకపోలేదు. నీళ్ళు కలిపిన సిమెంటులో సున్నం పుడుతుంది. దానికి గాలి సోకితే మెల్లగా సుద్దగా మారిపోతుంది. మనిషి ఊపిరి తగిలితే ఇంకా తొందర. అందుకే సీసాని నైట్రోజన్ నింపిన అద్దాల పెట్టెలో ఉంచి, పెట్టెకి బిగించిన రబ్బరు తొడుగుల్లోకి చేతులు దూర్చి, అక్కడే మూత తియ్యాలి, అక్కడే పొడి చెయ్యాలి. ఆ పొడి మీద పడ్డ ఎక్స్‌రేలు లోపలి పరమాణువుల వరసలకి తగిలి, ఒక్కో రకం వరస నుంచి ఒక్కో కోణంలో తిరిగొస్తాయి. కంప్యూటర్ తెర మీద గీత కొండల్లా లేస్తుంది. సున్నానిది ఒక కొండ, సుద్దది ఇంకో కొండ. విచిత్రమేమిటంటే, సిమెంటుని నిజంగా పట్టి ఉంచే జిగురు ఉందే, దానికి మాత్రం సరైన కొండ ఉండదు. ఎక్కడో చిన్న ఉబ్బులా కనబడీ కనబడనట్టు ఉంటుంది.

ఇంత తెలిసిన మనిషికి సొంత కాపురం చక్కబెట్టుకోవడం తెలియలేదు.

భర్తది కూడా సిమెంటు పనే. దూరపు ఫ్యాక్టరీలో మిక్సింగ్ సెక్షన్ చూసుకునే ఉద్యోగం వచ్చింది. ఆమెని వచ్చెయ్యమన్నాడు. ఎక్స్‌రే మెషీన్‌ని వదిలి రానంది. "నీకు ఆ మెషీనే మొగుడు" అన్నాడతను. "అయితే మీరెందుకు ఇక్కడ? వెళ్ళండి" అంది ఈవిడ. ఆయనగారు నిజంగానే వెళ్ళాడు! ఆమె పిలుస్తుందని అతను, అతనే వస్తాడని ఆమె, ఇద్దరికిద్దరూ పంతానికి పోయి ఏడాది గడిపేశారు. రాత్రి వంట చేసేటప్పుడు అలవాటుగా ఇద్దరికి సరిపడా బియ్యం తీసి, సగం మళ్ళీ డబ్బాలో పోస్తూ ఏడ్చేది. ఆమెకి కావలసింది ఒక్కటే, అతను తిరిగి రావాలి. రమ్మని అడగడానికి నోరు సిద్ధంగానే ఉంది. అతనికి తన మీద ఇంకా మనసుందో లేదో తెలియక ఆ నోరు పెగల్లేదు.

ఈ మధ్యలో ఆ ఫ్యాక్టరీ నమూనాలు ఈ ల్యాబ్‌కే రావడం మొదలయ్యాయి. మొదటి సీసా చూడగానే గుర్తుపట్టింది. మూత చుట్టూ వేసిన టేపు చివర లోపలికి మడిచి ఉంది, విప్పేవాళ్ళ గోరు నొప్పెట్టకుండా. ఇంట్లో కూడా అతను అలాగే మడిచేవాడు. కానీ ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ప్రతి నమూనాలోనూ సుద్ద ఉండేది. అందరికీ ఫోన్ చేసి తిట్టే మనిషి వాళ్ళకి మాత్రం మెయిల్ పెట్టేది, మూతలు సరిగా బిగించమని. సరిచేసుకుంటామని ఆఫీసు నుంచి జవాబొచ్చేది. మళ్ళీ సుద్దే.

ఆ రోజు సీసా వచ్చేసరికి అందరూ భోజనాలకి వెళ్ళారు. ఆమె దాన్ని పెట్టె దాకా తీసుకెళ్ళి, ఎందుకో మళ్ళీ వెనక్కొచ్చి బల్ల ముందు కూర్చుంది. ఆ మడత పట్టుకుని టేపు లాగింది. మూత తీసింది. లోపల గట్టిపడిన సిమెంటు బిళ్ళ, అతను కోసిన బిళ్ళ. తొడుగుల్లేని చేత్తో పట్టుకుంది. రోజూ చేసే పనే కాబట్టి చేతులు వాటంతటవే కల్వంలో వేసి నూరాయి. తర్వాత ఆ బూడిదరంగు పొడిని ముందు పెట్టుకుని, దాని మీదకి వంగి, గడ్డం చేతుల్లో ఆనించుకుని అలాగే ఉండిపోయింది. అతని చేతులు ఎలా ఉండేవో గుర్తు తెచ్చుకుంటూ కూర్చుంది. టిఫిన్ డబ్బా తెరవనేలేదు.

"ఏంటమ్మా, అది బయట పెట్టావు?" అని ల్యాబ్ పెద్దాయన అరిచేదాకా ఆమె ఈ లోకంలో లేదు. గబగబా మెషీన్‌లో పెట్టింది. సుద్ద కొండ నిటారుగా లేచింది.

"ఇదేం చోద్యం! సీలు మేడమే సీలు తప్పిందా?" అని పెద్దాయన నవ్వాడు. ఆ పేరు ఆమె ఎదురుగానే అనేశానని నాలిక్కరుచుకున్నాడు. "పాడైపోయిందని చెప్పి, ఇంకోటి పంపమను" అని తన గదిలోకి పోయాడు.

ఆమె నవ్వలేదు. పాత గీతలు తీసి ఈ గీత మీద పరిచి చూసింది. అన్నిట్లోనూ సుద్ద ఉంది, ఈసారి ఇంకాస్త ఎక్కువ, అంతే. వాటిని తను పెట్టెలోనే విప్పింది. అంటే వాటికి గాలి ఫ్యాక్టరీలోనే సోకింది. టేపు మడత దగ్గర కూడా అంత శ్రద్ధ పెట్టే మనిషి మూత దగ్గర ఏమరుపాటుగా ఉంటాడా? ఒకవేళ అతను కూడా...? అంతలోనే భయమేసింది. ఏ పనివాడో తెరిచి మర్చిపోయి ఉండొచ్చు. సుద్ద ఎంతుందో ఎక్స్‌రే చెబుతుంది గానీ, ఎందుకు వచ్చిందో చెప్పదు కదా. అడిగితీరాలి. ఫోన్ తీసింది.

"మిక్సింగ్ సెక్షన్" అన్నాడతను. వెనక డ్రమ్ము తిరుగుతున్న మోత.

"ల్యాబ్ నుంచి."

"చెప్పండి మేడమ్."

"మీ నమూనాల్లో సుద్ద ఎక్కణ్ణుంచి వస్తోంది?"

"మా పొరపాటే మేడమ్. ఇకనుంచి జాగ్రత్తగా పంపిస్తాం."

"మూత పెట్టేదెవరు?"

"నేనే."

"మీరు మూత వదులుగా పెట్టే మనిషి కాదుగా."

"వదులుగా పెట్టను" అన్నాడు. "ఆలస్యంగా పెడతాను."

"ఎందుకని?"

"నీ దగ్గరికి వచ్చేది కదా" అన్నాడు. "ముందు పెట్టుకుని కూర్చుంటాను. పంపబుద్ధి కాదు."

ఆమె బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "ఈసారి నమూనా పాడైంది. పాడుచేసింది నేనే. మూత తీసి భోజనాల వేళంతా ముందు పెట్టుకు కూర్చున్నాను" అంది. ఇక దాచుకోవడానికి ఏం మిగిలిందని? "నావల్ల కావట్లేదండీ. మీరు రండి. పంతాలు చాలు."

అవతల డ్రమ్ము ఆపిన చప్పుడైంది.

"రేపు బయల్దేరతాను" అన్నాడు. మళ్ళీ తనే, "అన్నం తిన్నావా?" అన్నాడు.

ఏడాదిగా ఆమెని ఎవరూ అడగని మాట అది. లేదని చెబుతూ ఆమె టిఫిన్ డబ్బా దగ్గరికి లాక్కుని మూత తీసింది.