గుట్ట మీది ఉచ్చు

సంతోషికి ఇంట్లోంచి కాలు బయటపెట్టే వీలు రోజుకు ఒక్కసారే దొరికేది. వంట, అంట్లు, బర్రెల పని అయ్యాక, అత్త రుక్కమ్మ కాసేపు నడుం వాల్చినప్పుడు, కుక్క మోతిని వెంటబెట్టుకుని ఇంటి వెనక గుట్ట ఎక్కేది. అదేమంత దూరం కాదు. పెరటి కంచె దాటి, బావ ధర్మేందర్ మక్కచేను గట్టు మీదుగా పోతే అడవి మొదలవుతుంది. మోదుగులు, తునికి చెట్లు, వాటి మధ్య సీతాఫలం పొదలు. పైన నిలబడితే తమ ఇంటి రేకులు, నారాయణఖేడ్ పోయే బస్సు వెనక లేచే దుమ్ము కనిపించేవి. భర్త వీరేశ్ ఆ బస్సెక్కే హైదరాబాద్ పోయాడు. అక్కడ బిల్డింగుల పని. పండుగలకు వచ్చి పోతుంటాడు.

మోతి పిల్లగా ఉన్నప్పుడు బస్టాండు పక్క మురికినీళ్ల మోరీలో పడి అరుస్తుంటే ఆమే కొంగులో పెట్టుకుని తెచ్చింది. ఆ ఇంట్లో ఆమె పిలిస్తే పలికే ప్రాణం అదొక్కటే.

ఆ రోజు గట్టు మీద ధర్మేందర్ ఎదురయ్యాడు. వీరేశ్‌కు అన్న. పక్క ఇల్లే. ఊళ్లవెంట తిరిగి బోరుమోటార్లు బాగుచేస్తాడు. నిరుడు అడవిపందులు అతని మక్కచేను సగం తొక్కి పోయాయి. అప్పటినుంచి పంది పేరెత్తితే చాలు, పళ్లు కొరికేవాడు.

"ఎటు పోతున్నవ్?" అన్నాడు.

"గుట్ట మీదికి బావా. సీతాఫలాలు కండ్లు తెరిసినయట, కోసుకొస్త."

"ఇయ్యాల పోకు. పాములు తిరుగుతున్నయ్."

"మోతి ఉన్నది గదా. దీన్ని జూస్తె పాములే ఉరుకుతయ్."

ధర్మేందర్ ఏదో చెప్పబోయి ఆగాడు. కుక్క వచ్చి అతని చేయి వాసన చూసింది. రోజూ సందెకాడ రొట్టె ముక్క వేసే చెయ్యి అది. "నీ ఇష్టం" అని చేన్లోకి దిగిపోయాడు.

మోతి ఎప్పటిలాగే ముందు పరుగెత్తింది. సంతోషి రెండు కాయలు కోసి మూడోదానికి కొమ్మ వంచుతుండగా పొద వెనక కుక్క గట్టిగా కుయ్యోమంది. పోయి చూస్తే మోతి నేలమీద గింగిరాలు తిరుగుతోంది. బండి క్లచ్ వైరుతో చేసిన ఉచ్చు. ఒక కొస తునికి మొదలుకు కట్టి ఉంది, రెండో కొస కుక్క నడుముకు బిగుసుకుంది. అది గుంజుకున్నకొద్దీ వైరు లోపలికి కోసుకుపోతోంది.

"మోతీ, ఆగు, కదలకురా" అని దాన్ని అదిమి పట్టుకుని ముడి విప్పబోయింది. వేళ్లకు రక్తం అంటింది తప్ప ముడి కదల్లేదు. ఆమె లేచి ఇంటివైపు పరుగెత్తింది.

ధర్మేందర్ వాకిట్లో కూర్చుని అన్నం తింటున్నాడు.

"బావా, మోతికి ఉచ్చు వడ్డది..."

"నేను వెట్టలే" అన్నాడు వెంటనే.

"ఎవలు వెట్టిన్రని నేనడుగలే. వైరు తెంపనీకి కటింగ్ ప్లేయర్ ఇయ్యి, జల్దీ."

"నా తాన లేదు. మనూరు పోయినప్పుడు మోటరు కాడ మర్శిపోయిన."

"ఇంకోటి లేదా? నీ పనే అది గదా!"

"లేదంటున్న గదా. అన్నం తిననియ్యవా?"

ఆమె తమ ఇంట్లోకి పోయి, చేతికి దొరికిన కొడవలి తీసుకుని మళ్లీ గుట్ట ఎక్కింది. మోతి గింజుకోవడం మానేసింది. నాలుక బయటపెట్టి పడుకుని ఉంది. కొడవలి వైరు మీద జారింది తప్ప తెగలేదు. ఇంకా గట్టిగా కోయబోతే వైరు లోపలికి దిగింది. ఆ బాధకు కుక్క ఎవరన్నది చూడకుండా ఆమె చేతిని కరిచింది. పళ్లు లోతుగా దిగాయి. మరుక్షణమే వదిలేసి, కరిచిన చోటే నాకసాగింది.

"ఏం గాలేదు. ఏం గాలేదురా" అంది సంతోషి ఏడుస్తూ.

వెనక ఆకులు చప్పుడయ్యాయి. ధర్మేందర్ వచ్చాడు. చేతిలో దుడ్డుకర్ర ఉంది.

"జరుగు" అన్నాడు.

"బావా, వద్దు. గీ వైరు ఒక్కటి తెగితె సాలు. దవాఖానకు తీస్కపోత."

"అది బతకదు. నువ్వు జరుగు."

అతని గొంతు విని మోతి తల ఎత్తింది. లేవలేక, తోక కొస మాత్రం నేలమీద ఆడించింది. ధర్మేందర్ ఆమెను భుజంతో పక్కకు నెట్టి కొట్టాడు. ఒక్క దెబ్బతో పోలేదు. ఆమె అతని చొక్కా పట్టుకుని గుంజింది. అతను విదిలించుకుని మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. తర్వాత కర్ర పక్కన పడేసి, ప్యాంటు వెనక జేబులోంచి కటింగ్ ప్లేయర్ తీశాడు. ఒక్క నొక్కుకు వైరు తెగింది.

సంతోషి ఆ ప్లేయర్ వైపు చూసింది. రాయి మీద కూలబడింది.

"మనూరుల మర్శిపోయిన్నంటివి" అంది.

ధర్మేందర్ వైరును చుట్ట చుడుతూ ఉన్నాడు. "ప్లేయర్ నీకిస్తె ఉచ్చు నాదని ఊరంత చెప్పవా? ఫారెస్టోళ్లు నన్ను గుంజుకపోతరు. నీ కుక్కకోసం నేను జైలుకు వోవాల్నా? పోవద్దని చెప్పిన్నా లేదా?"

"పాములన్నవ్."

"ఎవలన్న అడిగితె కుక్కకు పిచ్చి లేసింది, నిన్ను కరిసింది, నేను సంపిన. గంతే. నీ చెయ్యి జూస్తె ఎవలైనా నమ్ముతరు."

అతను మోతిని వెనక కాలు పట్టుకుని ఈడ్చి గుట్ట పక్కనున్న వాగులోకి తోశాడు.

అతనన్నట్టే అందరూ నమ్మారు. రుక్కమ్మ కోడలి చేతికి పసుపు అద్ది గుడ్డ చుడుతూ, కూడిన ఆడవాళ్లకు చెప్పింది. "నా పెద్దకొడుకు ఉరికిండు గనుక సరిపాయె. లేకుంటె గా పిచ్చికుక్క దీన్ని పీక్కతింటుండె."

సంతోషి భర్తకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పింది. అవతల కాంక్రీటు మిషన్ చప్పుడు వినిపిస్తోంది.

"చూడు" అన్నాడు వీరేశ్. "నేను గీడుంట. నీకేమన్న అయితె ముందుగాల ఉరికొచ్చేది అన్ననే. కుక్కదేముంది, ఇంకోటి తెస్త. అన్నతోని కొట్లాట వెట్టుకోకు."

దవాఖానకు ధర్మేందర్ తన బండి మీదే తీసుకుపోయాడు. వేరే దిక్కు లేదు. నర్సు గాయం కడుగుతూ కుక్క ఏమైందని అడిగింది.

"పిచ్చిది మేడం. నేనే సంపిన" అన్నాడు.

"పిచ్చిది కాదు. ఈయన పెట్టిన ఉచ్చుల వడ్డది. ప్లేయర్ జేబుల వెట్టుకోని లేదన్నడు" అంది సంతోషి.

నర్సు తల ఎత్తి చూసింది. ధర్మేందర్ జాలిగా నవ్వాడు. "భయపడ్డది మేడం. కుక్క కరిసినప్పటిసంది గిట్లనే మాట్లాడుతుంది."

"భయం పెట్టుకోకమ్మా. సూదులు అన్నీ వేయించుకుంటే ఏం కాదు" అని నర్సు సిరంజి తీసింది. "మంచిగ టైముకు తీస్కొచ్చినవన్నా."

సాయంత్రానికి రుక్కమ్మ కోడిని కోసింది. పెద్దకొడుకు కోడలి ప్రాణం కాపాడినందుకు. కూర గిన్నెలో పోసి సంతోషి కట్టులేని చేతిలో పెట్టింది.

"బావకు ఇచ్చి రా. తిన్నంక గిన్నె తెచ్చుకో."

ధర్మేందర్ వాకిట్లో ఊరివాళ్లు నలుగురు కూర్చుని ఉన్నారు. సంతోషి గిన్నె అతని ముందు పెట్టి, అందరికీ వినబడేలా చెప్పింది.

"ఉచ్చు నీదే బావా. మోతి నిన్ను జూసి తోక ఊపింది. ఊపంగనే సంపినవ్."

వాళ్లలో ముసలి దేవప్ప నాలుక చప్పరించాడు. "పాపం. బోరంచ పోచమ్మ గుడి కాడ దారం కట్టియ్యుండ్రి. భయం ఇంక దిగలే."

"ఔ పెద్దయ్యా, కట్టిస్త" అన్నాడు ధర్మేందర్. రొట్టె తుంచి కూరలో ముంచాడు. అతను తినడం అయ్యేదాకా సంతోషి గిన్నె కోసం అక్కడే నిలబడింది.