అర అంగుళం తేడా

నేను ఒక దర్జీ టేపును. పసుపు రంగు, అరవై అంగుళాల పొడవు, రెండు చివరలా ఇత్తడి తొడుగులు. ఎక్కడో ఫ్యాక్టరీలో నా ఒంటి మీద అంకెలు అచ్చేసి, చుట్ట చుట్టి, మండపేటలో ఒక ఫ్యాన్సీ షాపుకి పంపారు. అక్కడి నుంచి మంగతాయారు మెడలోకి చేరాను. ఆమె ఇంటి ముందుగదిలోనే జాకెట్లు కుడుతుంది. పదేళ్లలో ఆ వీధిలో నేను కొలవని నడుం లేదు. నేను చుట్టుకోగానే పొట్ట లోపలికి లాక్కోని మనిషిని మాత్రం ఇంతవరకు చూడలేదు.

తాయారు కూతురు లహరికి తొమ్మిదేళ్లు. మూడో తరగతిదాకా ప్రభుత్వ బడికి వెళ్లింది. తెలివైన పిల్లే గానీ నిదానం. ఏదడిగినా కాసేపు ఆలోచించి చెబుతుంది. పద్మజ టీచరు మంచిదే, కానీ ఆమె ఎదుట యాభై ఎనిమిది మంది. లహరి నోరు తెరిచేసరికి పక్కపిల్ల జవాబు చెప్పేసేది. కొన్నాళ్లకి లహరి నోరు తెరవడమే మానేసింది. అంకెలు కనబడితే పుస్తకం మూసేసేది.

వేసవి సెలవులయ్యాక తాయారు పిల్లను బడికి పంపలేదు. "నేనే చెప్పుకుంటాను" అంది. పాలవ్యాను నడిపే ఆమె భర్త సూరిబాబు ఎగిరిపడ్డాడు.

"జాకెట్లు కుట్టుకునేదానివి, నువ్వేం చదువు చెబుతావే? దసరా దాకా చూస్తాను. అప్పటికీ లెక్కలు రాకపోతే మళ్లీ బడిలో వేసేస్తాను."

ఆ మాటతో తాయారుకి తిండి సయించలేదు. నాకూ బెంగ పట్టుకుంది. ఎందుకంటే లెక్కల పంతుల్ని నేనే మరి. అర, పావు, ముప్పావు పిల్ల నా మీదే నేర్చుకుంది. పాత దినపత్రికల్లో కత్తిరించిన జాకెట్టు ఆకారాలే ఆమె తెలుగు వాచకం. చంక దగ్గర తెగిపోయిన వార్తను చదివి, మిగతా సగం తనే కల్పించి చెప్పేది. ఒక నాయకుడి ప్రసంగమైతే ఆమె పూర్తిచేసిందే బాగుంది. ఒక్క లెక్కతో పొద్దుటి నుంచి భోజనాల దాకా కూర్చున్నా ఎవరూ కసిరేవారు కాదు. మధ్యలో గంట కొట్టేవాళ్లూ లేరు.

దసరా నాలుగు రోజులుందనగా పద్మజ టీచరు కొత్త జాకెట్టు వెనక్కి పట్టుకొచ్చింది.

"ఊపిరాడట్లేదు తాయారూ."

"కాస్త ఒళ్లు చేశారండి టీచరుగారూ."

నెలరోజులుగా తాయారు అందరితోనూ ఇదే మాట అంటోంది. ఊళ్లో ఆడవాళ్లంతా ఒకేసారి ఒళ్లు చేశారని నిజంగానే నమ్మింది, పాపం.

లహరి లేచి నన్ను అమ్మ మెడలోంచి లాగింది. బల్ల మీద పరిచి, పక్కన ఇనుప స్కేలు పెట్టి జరుపుకుంటూ వెళ్లింది. మధ్యలో లెక్క తప్పింది. మళ్లీ మొదలుపెట్టింది. టీచరు ఏదో అందించబోతే తాయారు వద్దని చెయ్యి ఊపింది. సూరిబాబు అప్పుడే వ్యాను దిగి వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. పావుగంట పట్టింది.

"అమ్మా, టేపు ముప్ఫై ఆరంటే స్కేలు ముప్ఫై ఆరున్నర అంటోంది. ఇది సాగిపోయిందమ్మా. కొలిచేది దీంతో, బట్ట మీద గీసేది స్కేలుతో. అందుకే అందరికీ అర అంగుళం బిగుతు. టీచరుగారు ఒళ్లు చెయ్యలేదు."

సాగిపోయిన సంగతి నాకే తెలియదు! నా పరువు పోయింది. అయినా "అమ్మయ్య" అనుకున్నాను.

టీచరు కళ్లు తుడుచుకుంది. "ఈ పావుగంట నేను ఈ పిల్లకి ఒక్కనాడూ ఇవ్వలేకపోయాను సూరిబాబుగారూ. ఇంట్లోనే చదవనివ్వండి."

సూరిబాబు కూతురి తల నిమిరాడు. "రేపు కొత్త టేపు తెస్తానమ్మా. నీ చదువు సంగతి మీ అమ్మ చూసుకుంటుందిలే" అన్నాడు.

నన్ను గుడ్డముక్కల సంచిలో పడేశారు. అందరూ వెళ్లాక తాయారు వచ్చి ఆ సంచి మీదే కూలబడి తనివితీరా ఏడ్చింది. కూతురి బతుకు తన చేత్తో పాడుచేస్తున్నానేమోనన్న భయాన్ని ఇన్నాళ్లూ ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. ఏడుపయ్యాక ముక్కు చీది, వంటింట్లోకి వెళ్లి, చాలా రోజుల తర్వాత రెండుసార్లు అన్నం పెట్టుకుని తింది.